జేజి పంపిన గుడ్డలు

ఉగ్గాని చేసేవాళ్ళకు తెలుసు, బొరుగులు నీళ్ళలో ఒక్క నిమిషం ఎక్కువ నానితే ముద్దయిపోతాయి. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనే అయినా ఆ ఉదయం గంగరత్నకు రెండుసార్లు బొరుగులు ముద్దయ్యాయి. మూడోసారి జాగ్రత్తగా పిండి, తాలింపులో కలిపి, పుట్నాల పొడి చల్లి, మిరపకాయ బజ్జీలను వేరే పళ్ళెంలో సర్దింది. ఎనిమిదింటికి ఇద్దరు అధికారులు వస్తారు. ఆమె కూతురు మధులత ఏ కులానికి చెందినదో తేల్చడానికి వస్తారు. ఇంటికొచ్చినవాళ్ళను ఏమీ పెట్టకుండా పంపకూడదన్నది గంగరత్న పెరిగిన తీరు. పెడితే తింటారా అన్నది ఆమె ఆలోచించదలచుకోని ప్రశ్న.

"ఎవురికే ఇంత చేస్తాండావు?" అంది గడప మీద కూర్చున్న తల్లి ఈరక్క. "మన కొంపలో ఆ సార్లు తింటారనా? నూనె దండగ."

"తినకుంటే మనమే తిందాంలే మా."

"నాకొద్దు తల్లీ. బజ్జీలు తింటే కడుపు మంట నాకు. ముందే చెప్తాండా," అంటూనే ఈరక్క ఒకటి తీసుకుంది.

మధులత తల్లి మాదిగ, తండ్రి రెడ్డి. తండ్రి సుధీర్ ఆమెకు ఐదేళ్ళు నిండిన ఏడే లారీ ప్రమాదంలో పోయాడు. అప్పటినుంచి తల్లీకూతుళ్ళు ఏటికి ఇవతల, కాలనీలోని ఈరక్క ఇంట్లోనే ఉన్నారు. మధులత ఈ గోడల మధ్యనే చదువుకుంది, ఈ వీధి పిల్లలతోనే ఆడుకుంది, ఈ వీధి పేరుతోనే బళ్ళో పిలిపించుకుంది. ఇప్పుడు పశువైద్య కోర్సుకు రాంకు వచ్చింది. తల్లి కులం కింద అయితే సీటు ఖాయం. తండ్రి కులం కింద అయితే ఆ రాంకు కాగితం దేనికీ పనికిరాదు. సోమవారం సర్టిఫికెట్ల పరిశీలన. తహసీల్దారు కార్యాలయంలో గుమాస్తా తల కూడా ఎత్తకుండా తేల్చేశాడు: "నాయన కులమే బిడ్డకొస్తాది. ఇస్కూల్లోనూ అట్లనే ఉండాది గదా." బడిలో అలా రాసింది పాత హెడ్మాస్టరు. అడగకుండానే, ఉపకారం చేస్తున్నాననుకుని రాశాడు. "పైకులం రాస్తే నీ బిడ్డకే మంచిదిలేమ్మా," అన్నాడు. గంగరత్న ఆయనకు నమస్కారం పెట్టి వచ్చింది.

కమలాపురంలో వకీలు జోసెఫ్ మాత్రం వేరే మాట చెప్పాడు. తండ్రి కులం బిడ్డకు వస్తుందన్నది మొదటి ఊహ మాత్రమేననీ, తల్లి వాళ్ళలోనే పెరిగి, ఆ కులంవాళ్ళు పడే బాధలన్నీ తానూ పడినట్లు, తండ్రి తరఫువాళ్ళు తనను కలుపుకోనట్లు రుజువు చేస్తే తల్లి కులం ఇవ్వాల్సిందేననీ, సుప్రీం కోర్టే చెప్పిందనీ వివరించాడు. "తహసీల్దారు ఆఫీసు నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఆర్.ఐ., విచారణకొస్తాడు తల్లీ. వాళ్ళింట్లో మీకు జరిగిందంతా చెప్పాల. పాపకు గూడా ముందుగానే అంతా చెప్పిపెట్టు. పాపను అడుగుతారు."

అంతా చెప్పాలి. ఎంత తేలికగా అన్నాడు! పెళ్ళయిన కొత్తలో సుధీర్ తల్లి రామసుబ్బమ్మ వాకిట్లోకొచ్చి, కోడలి ముఖం చూడకుండా కొడుకుతో, "నువ్వు రాప్పా లోపలికి, నీ ఇల్లే గదా. ఆ యమ్మిని మాత్రం ఆడనే నిలబడమను," అన్న మాటకు సాక్ష్యం ఏది? ప్రతి పండగకూ సుధీర్ ఒక్కడే ఆ ఇంటికి పోయి, భోంచేసి, గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయి, సాయంత్రానికి తిరిగొచ్చి, "నువ్వొస్తే వాళ్ళకూ ఇబ్బంది, నీకూ ఇబ్బందే గదా. అమ్మ మనసు మెత్తబడేదాకా ఓపిక పట్టు," అని చెప్పిన మాటకు ముద్ర ఎవరు వేస్తారు? అతడి శవం ఆ వాకిట్లో ఉన్నప్పుడు ఐదేళ్ళ బిడ్డను ఎత్తుకుని నడి ఎండలో వీధిలో నిలబడితే, పెద్ద బావ నారాయణరెడ్డి మనిషిని పంపి, "దూరం నుంచే చూసి పొమ్మన్నారు," అని చెప్పించాడు. దూరం నుంచే చూసి వచ్చింది. దెబ్బ తగిలితే మచ్చ ఉంటుంది. గడప దాటనివ్వకపోతే ఎక్కడ చూపించాలి?

అంతకంటే కష్టమైన సంగతి మరొకటి ఉంది. ఇవేవీ మధులతకు తెలియవు.

తండ్రి పోయిన మరుసటి ఉగాదికి, పక్కింటి పిల్లకు వాళ్ళ జేజి, అంటే నాయన తల్లి, పావడా తెచ్చిందని చూసి, బిడ్డ వచ్చి అడిగింది: "మా, నాకు జేజి లేదా?" ఉంది, నిన్ను ముట్టుకోదు అని ఐదేళ్ళ పిల్లకు ఏ తల్లి చెబుతుంది? "ఉండాది. నీగ్గూడా పంపించింది," అంది గంగరత్న. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి, తన వీధిలో ఎవరూ కొనని రకం పట్టుపావడా, కాలనీలో ఎవరూ చూడని దుకాణం సంచిలో పెట్టించుకుని వచ్చింది. ఒక్కసారికే అనుకుంది. మరుసటి ఏడు బిడ్డ ఉగాదికి వారం ముందునుంచే ఎదురుచూసింది. పదమూడు ఉగాదులు గడిచాయి. జేజి ఎందుకు రాదంటే మోకాళ్ళ నొప్పులు, మనమెందుకు పోమంటే పెదనాయన కోపిష్టి. అంగన్వాడీలో పదిమంది పిల్లలకు వండి వార్చి వచ్చి, తల్లి కాళ్ళకు నూనె రాసి, బోకులు తోమి, ఆపైన ఆ ఇంటివాళ్ళ మంచితనాన్ని కూడా తానే తయారుచేసి పంచింది. తమను లోపలికి రానివ్వని ఇళ్ళ గౌరవాన్ని బయట నిలబడి మోసే స్త్రీలు ఈ నేల మీద లెక్కలేనంత మంది ఉన్నారు. దాన్ని ఎవరూ పని అనరు. ప్రేమ అంటారు, సర్దుబాటు అంటారు.

జోసెఫ్ చెప్పినప్పటినుంచి వారంలో మూడుసార్లు కూతురిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మూడుసార్లూ, "ఏం మా?" అని ఆ పిల్ల ముఖమెత్తగానే, "తల దువ్వుకోలేదేం?" అని లేచిపోయింది.

ఆర్.ఐ. హర్షవర్ధన్ కుర్రవాడే. మర్యాదగా మాట్లాడాడు. పంచలో వేసిన కుర్చీలో కూర్చోకుండా దాని వీపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. గంగరత్న పళ్ళేలు తెచ్చింది.

"ఇప్పుడే తినొచ్చినామమ్మా."

"మంచినీళ్ళన్నా తీసుకోండి సార్."

"బాటిల్ ఉండాది," అన్నాడు, చంకలోని సంచి తట్టి. వెంట వచ్చిన వి.ఆర్.ఓ. బజ్జీల వైపు ఒకసారి చూసి, ఆర్.ఐ. వైపు చూసి, కడుపు నిండినవాడిలాగా తల ఊపాడు.

కాలనీలో నలుగురిని పిలిచి అడిగారు. పిల్ల ఇక్కడే పెరిగిందని అందరూ చెప్పారు. రాసుకున్నాడు. తర్వాత గంగరత్నను అడిగాడు. "నువ్వు పై వీధిలో అంగన్వాడీ టీచరువి గదా. పిల్లోళ్ళంతా నువ్వు వండింది తింటాండారా?"

"ఏడుగురు తినరు సార్. ఇంటినుంచి డబ్బాలు తెచ్చుకుంటారు. గుడ్డు మాత్రం పచ్చిదే ఇయ్యమంటారు, వాళ్ళింట్లో ఉడకబెట్టుకుంటారంట."

"రిజిస్టరు చూసొచ్చినా నేను. అందరూ తిన్నట్లే ఉండాది. రాసింది నువ్వే."

అవును, ఆమే. మొదటి నెలలో తినని పిల్లల పేర్ల ఎదుట సున్నాలు పెడితే పై అధికారి పిలిచి, "ఊరికి చెడ్డపేరు తెస్తావా? నీకు ఉద్యోగం చెయ్యాలని లేదా?" అని అడిగింది. ఆ రోజునుంచి తినని నోళ్ళన్నీ తిన్నట్లుగా గంగరత్న చేతివ్రాతలో నమోదయ్యాయి. పదేళ్ళ రిజిస్టర్లు. చక్కని, కొట్టివేతలు లేని చేతివ్రాత.

"అట్ల రాయమన్నారు సార్."

"ఎవురు? కాగితమేమన్నా ఉండాదా?"

లేదు. మాటతో చెప్పినదానికి కాగితం ఎక్కడినుంచి వస్తుంది? హర్షవర్ధన్ ఒక గీత గీసి, "పదకొండుకు మీ అత్తగారింటికి రండి. వాళ్ళ తరఫు గూడా వినాల గదా," అని బండెక్కాడు. ఉగ్గాని చల్లారిపోయింది. ఈ ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగలేని మనిషే ఈ ఇంటి పిల్ల ఏ కులమో రాయబోతున్నాడు. అది అతడికి తోచలేదు. గంగరత్నకు తోచింది గాని, చెప్పడానికి అది కూడా సాక్ష్యం కాదు.

ఏరు దాటే ఆటోలో మధులత ఉత్సాహంగా ఉంది. జేజి ఇచ్చిన పచ్చ పంజాబీ డ్రస్సే వేసుకుంది. "జేజిని ఇన్నాళ్ళకు చూస్తాండా మా. గుర్తుపడతాదా నన్ను?" అంది. ఇప్పుడైనా చెప్పాలనుకుంది గంగరత్న. నోరు తెరిచింది. ఆటో డ్రైవరు పాట పెద్దది చేశాడు. ఆ పాటను ఆపమని అడగడం ఒక్క మాట పని. ఆమె అడగలేదు. చెప్పలేకపోవడానికి ఒక కారణం దొరికిందని లోలోపల సంతోషపడిందేమో, దేవుడికే తెలియాలి.

ఆ ఇంటి పంచలో కుర్చీలు వేసి ఉన్నాయి. రేపో మాపో వచ్చే మండల ఎన్నికలకు నారాయణరెడ్డి తిరుగుతున్నాడని ఊరందరికీ తెలుసు. తెల్లచొక్కాతో ఎదురొచ్చి, "రాండి, రాండి. పాపా, బాగుండావా? ఎంత పెద్దదైపోయె!" అన్నాడు. కులం పేరుతో కోడలిని, బిడ్డను వెలివేశామని రికార్డులో పడితే ఆపైన కేసు పడుతుందని ఎవరో ఆయనకు ముందే చెప్పి ఉంటారు. ఆయన కూతురు లక్ష్మీప్రియ పళ్ళెంలో పెట్టి నీళ్ళు తెచ్చింది. అధికారులకు స్టీలు గ్లాసులు. తల్లీకూతుళ్ళకు పేపర్ కప్పులు. హర్షవర్ధన్ సంచిలోని బాటిలు సంగతి మరిచి గటగటా తాగాడు.

పూర్వం కొట్టంలో వేరే సత్తు గ్లాసు ఉండేది, అందరికీ కనిపించేది. ఇప్పుడు తాగి పారేసే కప్పు వచ్చింది. కడగాల్సిన పని లేదు, దాచాల్సిన పని లేదు, తప్పు పట్టడానికి ఏమీ మిగలదు.

"సార్," అంది గంగరత్న. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఈ కప్పు రాసుకోండి."

"ఏ కప్పమ్మా?"

"మీకు స్టీలు గ్లాసిచ్చినారు. మాకు ఇది."

నారాయణరెడ్డి నవ్వాడు. "మేయ్ గంగరత్నా, గ్లాసులు చాలకపోతే కప్పులు తెచ్చినారు. కరోనా కాడ్నించి అందురిండ్లల్లో ఇవే గదా!"

"మా ఇంట్లోనూ అవే," అన్నాడు హర్షవర్ధన్, కొంచెం ఇబ్బందిగా. "ఇదేం రాయమంటావమ్మా?"

అప్పుడు రామసుబ్బమ్మను నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎనభై దాటింది. చెవుల కమ్మల బరువుకు తమ్మెలు సాగిపోయాయి. మధులతను కింది నుంచి పైదాకా చూసింది. కొడుకు కళ్ళు, కొడుకు గడ్డం అక్కడ ఉన్నాయి. ఎవరైనా పోల్చుకుంటారు.

"ఈ పాప ఎవురు పెద్దమ్మా?" అని అడిగాడు ఆర్.ఐ.

"ఎవురేంది? మా సుధీరు బిడ్డ. మా బిడ్డే," అంది ముసలామె. "యాడ పెరిగినా మా ఇంటి బిడ్డ మా ఇంటి బిడ్డేనప్పా. రక్తం యాడికి పోతాది?"

పద్దెనిమిదేళ్ళు. ఈ ఒక్క మాట కోసం గంగరత్న పురిటి నొప్పుల్లో ఎదురుచూసింది, వీధిలో శవం ముందు నిలబడి ఎదురుచూసింది, ఆ తర్వాత ఎదురుచూడటం మానేసింది. మాట ఇప్పుడు వచ్చింది, బిడ్డ భవిష్యత్తును లాక్కుపోవడానికి వచ్చింది. అది అబద్ధమని కూడా ఆమె గట్టిగా అనుకోలేకపోయింది. ముసలామె కంట్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

హర్షవర్ధన్ మధులత వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు పాపా. భయపడగాకు. వీళ్ళు నిన్ను ఎప్పుడన్నా చూసుకున్నారా? పండగలకు, పబ్బాలకు ఏమన్నా పెట్టినారా? మీ అమ్మేమో అర్జీలో అసలు కలుపుకోలేదంటాంది."

మధులత తల్లి వైపు ఆశ్చర్యంగా చూసింది. అమ్మ అలా ఎందుకు చెప్పిందో ఆమెకు అర్థం కాలేదు. సీటు కోసం ఒక ముసలామె మీద నింద వెయ్యడం తప్పని ఆ పిల్లకు నేర్పింది కూడా గంగరత్నే.

"మా జేజి ప్రతి ఉగాదికీ గుడ్డలు పంపిస్తాది సార్," అంది మధులత. "ఇప్పుడు నేనేసుకున్న డ్రస్సు గూడా మా జేజి పంపిందే."

నారాయణరెడ్డి తల్లి వైపు చూశాడు. రామసుబ్బమ్మ గంగరత్న వైపు చూసింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో అత్త కోడలి ముఖాన్ని నేరుగా చూడటం అదే మొదటిసారి. ఇద్దరు స్త్రీలకే తెలిసిన సంగతి ఆ చూపులో అటూ ఇటూ నడిచింది. తర్వాత ముసలామె కమ్మలు ఊగేలా తల ఊపింది.

"పంపిస్తాండా. పంపీకుండా ఎట్లుంటానప్పా? ఆడబిడ్డ గదా."

"కాదు సార్," అంది గంగరత్న. లేచి నిలబడింది. "అవి నేనే కొనిచ్చినా. ప్రొద్దుటూరులో. పదమూడేండ్లూ నేనే."

"మరి పాప జేజి పంపిందంటాంది?"

"నేనే అట్ల చెప్పినా సార్. బిడ్డ నొచ్చుకుంటాదని."

"అంటే పదమూడేండ్లు అబద్ధం చెప్పినావు."

"చెప్పినా."

"ఆడ రిజిస్టర్లో తిన్నారని రాసినావు, తినలేదంటివి. ఈడ జేజి పంపిందని చెప్పినావు, పంపలేదంటాండావు," అన్నాడు హర్షవర్ధన్. అతడి గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే తెలుసుకోగోరుతున్నాడు. "నువ్వే చెప్పమ్మా, ఏది నమ్మాల నేను? కొన్న రసీదులేమన్నా ఉండాయా?"

రసీదులుంటే బిడ్డ కంట పడతాయని దుకాణం మెట్ల మీదనే చింపేసేది. ఆ సంగతి చెప్పాలనుకుంది. చెబితే అది కూడా ఆమె మీదికే తిరుగుతుందని తెలిసి ఊరుకుంది. మధులత తల్లిని చూడటం లేదు. పచ్చ చున్నీ కొసను వేళ్ళ మధ్య పెట్టి, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది.

ఆర్.ఐ. రాయడం మొదలుపెట్టాడు. రాసింది చదివి వినిపించాడు: "తండ్రి తరఫు కుటుంబీకులు బాలికను తమ కుటుంబ సభ్యురాలిగా పరిగణించుచున్నట్లు, ప్రతి సంవత్సరము పండుగకు దుస్తులు పంపుచున్నట్లు బాలిక స్వయముగా తెలిపినది. తల్లి వాఙ్మూలము పరస్పర విరుద్ధముగా నున్నది. కావున తండ్రి కులమే వర్తించునని..." ఇంకా ఉంది. అక్షరం అక్షరం మర్యాదగా ఉంది. ఎక్కడా ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

"పై అధికార్లకు అప్పీలు చేసుకోవచ్చమ్మా," అన్నాడు. "నెల పడతాది."

"సోమవారం సార్ పరిశీలన."

"నా చేతుల్లో ఏముందమ్మా? చెప్పినదే గదా రాసేది."

ముందు రామసుబ్బమ్మ వేలిముద్ర వేసింది. తర్వాత మధులత సంతకం చేసింది. చెప్పింది చెప్పినట్లే రాశారు, ఎలా చెయ్యనంటుంది? గంగరత్న వంతు వచ్చింది. "నాకిది సమ్మతం కాదని రాసి పెడతా సార్," అంది. "రాసుకో, నీ ఇష్టం," అన్నాడతడు. రాసింది. అదే చక్కని చేతివ్రాత. ఆ వాక్యాన్ని ఎవరూ చదవలేదు.

లేచి వచ్చేటప్పుడు మధులత మెట్టు దగ్గర ఆగింది. "జేజీ," అంది, "లోపలికొచ్చి నాయన ఫోటో చూడొచ్చా?"

హర్షవర్ధన్ అప్పటికే బండెక్కాడు. రామసుబ్బమ్మ కొడుకు వైపు చూసింది. నారాయణరెడ్డి సెల్‌ఫోను చూసుకుంటున్నాడు.

"ఇప్పుడు వద్దులే అమ్మీ," అంది ముసలామె, చాలా మెత్తగా. "ఇంట్లో దేవుని పని ఉండాది. ఇంగోసారి వద్దువుగానిలే. ఆడ్నే ఉండు, ప్రియమ్మ తెచ్చి చూపిస్తాది."

లక్ష్మీప్రియ ఫోటో తెచ్చింది. చేతికివ్వకుండా, పట్టుకుని చూపించింది.

తిరుగు దారిలో ఆటో ఎంతకీ రాలేదు. రోడ్డు పక్క సిమెంటు దిమ్మె మీద తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. ఎండ నిలువునా పడుతోంది. పొలాల్లో శనగ కోసేసిన మోళ్ళు తప్ప ఏమీ లేవు. సీటు పోయింది. వచ్చే ఏడు మళ్ళీ పరీక్ష రాసినా ఈ కాగితం అక్కడే ఉంటుంది. అప్పీలు, అప్పీలు మీద అప్పీలు, ప్రతి బల్ల దగ్గరా పదమూడు ఉగాదుల అబద్ధం ఆమె కంటే ముందే చేరి కూర్చుంటుంది. తండ్రి కులమని రాసిన ఇంట్లో ఆ పిల్లకు గడప లేదు. తల్లి కులంలో ఇల్లుంది, కాగితం లేదు. ఇదంతా కూతురికి ఎలా చెప్పాలా అని గంగరత్న వెతుక్కుంటోంది. ఆ పిల్లకు ఇక చెప్పాల్సిన పని లేదని ఆమెకు తట్టలేదు.

"మా."

"ఆఁ."

"నాయన నన్ను ఆ ఇంటికి తోడుకొని పోవాలని వాళ్ళతో శానా కొట్లాడినాడని చెప్తివే." మధులత రోడ్డు వైపే చూస్తూ అడిగింది. గొంతులో కోపం లేదు. "అది నిజమేనా? లేకుంటే అదీ నువ్వు కొనిచ్చిందేనా?"

నిజమే అంటే అయిపోతుంది. ఏ ఆర్.ఐ. వచ్చి విచారించడు, ఏ సాక్షీ అడ్డు చెప్పడు. జేజి పోయింది, సీటు పోయింది, ఒక్క తండ్రినైనా ఈ పిల్లకు మిగల్చవచ్చు. ఒక్క మాట. ఇన్నేళ్ళుగా నోటికి అలవాటైన మాట. గంగరత్న నాలుక మీదికి అది తనంతట తానే వచ్చింది. ఆమె దాన్ని అక్కడే ఆపింది. పద్దెనిమిదేళ్ళుగా ఎవరి పరువు కాపాడుతూ వచ్చిందో, అందువల్ల ఎవరికి ఏం మిగిలిందో ఇవాళ చూసింది. సుధీర్ పండగ నాడు తిరిగొచ్చి, చొక్కా విప్పి వంకీకి తగిలిస్తూ, ఓపిక పట్టమని చెప్పిన ముఖం గుర్తొచ్చింది. మంచివాడే. మంచివాడు కావడానికి అతడికి ఏమీ ఖర్చు కాలేదు.

"కొట్లాడలేదు," అంది.

"ఒక్కసారి గూడానా?"

"ఒక్కసారి గూడా."

ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టి, తల బయటికి పెట్టి, "ఏం మ్మా, వస్తారా రారా?" అని అరిచాడు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.